సున్నా నిమిషాల గుత్తివంకాయ

రెండువేల రెండో సంవత్సరం ఆగస్టు నెలలో గుంటూరు బ్రాడీపేటలో ఉద్యోగస్తుల వంట సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది. ఈ సంగతి ఇంకా వంటిళ్ల దాకా చేరలేదు గానీ, పత్రికల జిల్లా పేజీలో ఫొటోతో సహా వచ్చింది. పరిష్కరించినది మా గృహసౌఖ్య సమాఖ్య. దానికి నేను కార్యదర్శిని గనుక, జరిగింది జరిగినట్టు చెప్పే బాధ్యత నా మీద పడింది.

మా సమాఖ్యలో సభ్యులందరూ మగవారే. గృహసౌఖ్యం అనుభవించేది వారే గనుక అందులోని లోటుపాట్లు వారికే బాగా తెలుస్తాయి. అధ్యక్షులు వీరబాబు గారు పత్తి జిన్నింగు మిల్లు యజమాని, దయార్ద్ర హృదయులు. ఒకనాడు ఆయన ఇంట్లో కార్యవర్గ సమావేశం జరుగుతుండగా, వేడి వేడి పకోడీలు తింటూ తింటూ ఉద్యోగం చేసే ఆడవారి కష్టం తలచుకుని కదిలిపోయారు.

"పొద్దున్నే లేచి వండాలి, ఆఫీసుకెళ్లాలి, సాయంత్రం వచ్చి మళ్లీ వండాలి. మన ఆడకూతుళ్లు ఎంత నలిగిపోతున్నారండీ! ఇది ఇలా సాగటానికి వీల్లేదు. వంట తేలికైపోవాలి" అని, లోపలికి కేకేసి ఇంకో పళ్లెం పకోడీలు తెప్పించారు.

వెంటనే తీర్మానం రాసుకున్నాం. ఉద్యోగ కుటుంబాల కోసం సులభ శాకాహార వంటల పోటీ. పాల్గొనేది మగవారే. పదిహేను నిమిషాల్లో కూర తయారు కావాలి. శాకాహారమే ఎందుకంటే, కోడిని ఏ దశలో వేదిక మీదికి తీసుకురావాలన్న విషయంలో సభ్యుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు.

నిబంధనలు మాత్రం చాలా శాస్త్రీయంగా రూపొందించాం. తరగడం, నానబెట్టడం, వేయించడం, దంచడం, రుబ్బడం 'పూర్వ సన్నాహాల' కిందికి వస్తాయి. వాటిని ఇంటి దగ్గరే పూర్తి చేయించుకుని రావచ్చు. గిన్నెలు తోమడం, పొయ్యి గట్టు తుడవడం 'అనంతర కార్యక్రమాల' కిందికి వస్తాయి. ఈ రెండూ పోగా మధ్యలో మిగిలినదే వంట. ఈ విధంగా లెక్క వేస్తే ఏ కూరకైనా పదిహేను నిమిషాలు ఎక్కువేనని తేలింది.

ఈ పోటీ వల్ల లోకానికి దక్కిన ప్రతిభామూర్తి వెంకటనారాయణ మాస్టారు. నాలుగో లైనులో మా పక్కవాటాలోనే ఉంటారు. ఎంసెట్ కోచింగు సెంటర్లో వృక్షశాస్త్రం చెబుతారు. ఆయన శ్రీమతి బిందుమాధవి గారు ఒక బీమా ఆఫీసులో అసిస్టెంటు. ఒక్కగానొక్క కూతురు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. మాస్టారి తల్లి బసవమ్మ గారు కొడుకు దగ్గరే ఉంటారు.

మొదటి పోటీలో మాస్టారు గుత్తివంకాయ కూర చేశారు. తెల్లవారుజామున బిందుమాధవి గారు లేచి, వేరుశనగ గుళ్లు, నువ్వులు, ధనియాలు విడివిడిగా వేయించి, కరెంటు కోత గనుక మిక్సీ జోలికి పోకుండా రోట్లో దంచి, చింతపండు నానబెట్టి పిసికి, లేత వంకాయలు గుత్తులుగా కోసి ఉప్పునీళ్లలో వేసి, కారం కూరి, ముప్పాతిక వంతు మగ్గించి స్టీలు డబ్బాలో సర్దిపెట్టారు. పది గంటలకు మాస్టారు వేదిక మీద పొయ్యి వెలిగించి, బాణలిలో నూనె పోసి, డబ్బా బోర్లించి, మూతపెట్టారు. మూత కింద కూర వేడెక్కుతుండగా "వంటంటే భయపడకూడదు. మనసుంటే నిమిషాల పని" అని ప్రసంగించారు. మూత తీశారు. ఘుమఘుమలాడింది. చప్పట్లతో కళ్యాణమండపం మారుమోగింది.

అదే పోటీలో మాస్టారి మేడమీద వాటాలో ఉండే ఖాజావలి కూడా పాల్గొన్నాడు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మనిషి. నిబంధనలు చదవలేదో ఏమో, ఉల్లిపాయలు కాయలుగానే తెచ్చి వేదిక మీదే తరగడం మొదలెట్టాడు. ముఖ్య అతిథికి కళ్లవెంట నీళ్లు వచ్చాయి. పూర్వ సన్నాహాన్ని బహిరంగంగా చేసినందుకు అతన్ని పోటీ నుంచి తప్పించవలసి వచ్చింది.

ఆ రోజుతో మాస్టారు 'సులభ వంటల మాస్టారు', మా సమాఖ్యకు గౌరవ సలహాదారు అయిపోయారు. కేబుల్ టీవీలో మాట్లాడారు. తెనాలి పిలిచింది, చిలకలూరిపేట పిలిచింది. ప్రతి సభకూ స్టీలు డబ్బా వెంట వెళ్లింది. ఆయన వంటను తేలిక చేస్తున్న కొద్దీ బిందుమాధవి గారు నిద్ర లేచే వేళ అర్ధరాత్రి వైపు జరుగుతూ వచ్చింది. గొప్ప మార్పులు వచ్చేటప్పుడు ఇలాంటి చిన్న సర్దుబాట్లు తప్పవు.

బసవమ్మ గారిది పాతకాలపు బుద్ధి గనుక ఇవన్నీ ఆవిడకు అర్థం కాలేదు.

"ఒరేయ్ నారాయణా, ఊరూరా వంకాయలు మోసుకుని తిరుగుతున్నావంట. ఇంట్లో ఒక్కనాడన్నా మంచినీళ్లు నీ చేత్తో ముంచుకుని తాగావంట్రా?" అని అడిగింది ఒకరోజు.

"అమ్మా, నేను చేసేది ఉద్యమం."

"ఓహో, ఉద్యమమా! పననుకున్నాలే" అని ఆవిడ తృప్తిపడింది.

డిసెంబరులో జిల్లాస్థాయి ఫైనల్ పోటీ పెట్టాం. ఎవరైనా పాల్గొనవచ్చని ముందే ప్రకటించాం. దురదృష్టవశాత్తూ బీమా కంపెనీవారు మా సమాఖ్యను సంప్రదించకుండా సరిగ్గా అదే ఆదివారం ఆఫీసర్ల పదోన్నతి పరీక్ష పెట్టుకున్నారు. బిందుమాధవి గారు అంతకుముందు రెండుసార్లు ఆ పరీక్ష రాశారు. రెండుసార్లూ పుస్తకం మీదే నిద్రపోయి తప్పారు. వయసు నిబంధన ప్రకారం ఇదే ఆఖరు అవకాశం.

"ఏమండీ, ఆదివారం నాకు విజయవాడలో పరీక్ష" అన్నారావిడ.

"తెలుసులేవోయ్. పదింటికేగా! నా పోటీ కూడా పదింటికే. నువ్వు ఏడింటికి బయల్దేరితే చాలు. ఈలోపు వంకాయల పని అయిపోతుంది."

"పొద్దున కాస్త పుస్తకం చూసుకోవాలండీ."

"మగ్గేటప్పుడు చూసుకో. మూతపెట్టాక నీకు ఖాళీయేగా!"

సమస్యలను ఇంత సులువుగా పరిష్కరించగలరు గనుకనే ఆయనను జిల్లా అంతా పిలుస్తున్నారు. బిందుమాధవి గారు పుస్తకం మూసి పొయ్యి దగ్గరికి వెళ్లారు.

ఖాజావలి భార్య షహనాజ్ కూడా అదే ఆఫీసులో పనిచేస్తుంది. ఆమెకూ అదే పరీక్ష. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు బిందుమాధవి గారు విషయం చెప్పి, "ఈసారికి వదిలేద్దామనుకుంటున్నానే" అన్నారు.

"వదిలేస్తే ఇంక రిటైరయ్యేదాకా ఈ కౌంటర్లోనే అక్కా."

"ఆ వంకాయలు కోసిపెట్టకపోతే ఆయన అంతమందిలో నవ్వులపాలైపోతారు షహనాజూ."

"నువ్వు ఫెయిలైతే?"

"నేను ఫెయిలైతే ఎవరికి కనపడుతుంది? మళ్లీ ఇదే కుర్చీలో కూర్చుంటాను, అంతేగా!" అని నవ్వారావిడ. నవ్వారు గానీ ఆ పూట అన్నం సగం క్యారేజీలోనే ఉండిపోయింది.

ఆదివారం తెల్లవారుజామున పక్కవాటా నుంచి నాకు రోకలి చప్పుడు వినపడలేదు. చాలాకాలం తరువాత హాయిగా నిద్రపట్టింది. కారణం తరువాత తెలిసింది. బిందుమాధవి గారు అలవాటు చొప్పున చీకటితోనే లేచి, వంటింట్లో దీపం వేసి, రోలు పక్కన పీట వేసుకుని, పుస్తకం తెరిచి తెల్లవారేదాకా చదువుకున్నారు. తరువాత బుట్ట సర్దారు. ముళ్ల తొడిమలతో సహా వంకాయలు పెట్టారు. పచ్చి వేరుశనగ గుళ్లు, నువ్వులు, ధనియాలు, గింజలు తీయని చింతపండు, పగలగొట్టని కొబ్బరికాయ పెట్టారు. పైన శుభ్రమైన తుండుగుడ్డ కప్పారు. సాయానికి అత్తగారు కూడా ఇంట్లో లేరు. బసవమ్మ గారు ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కలిసి సింగరాయకొండ స్వామి దర్శనానికి వెళ్లి రెండు రోజులైంది.

మెట్ల మీద నుంచి షహనాజ్ పిలిచింది. బిందుమాధవి గారు గుమ్మంలో ఆగి, "అన్నీ బుట్టలో పెట్టానండీ. ఒక్కటి కూడా మర్చిపోలేదు" అన్నారు.

"కూర ఎలా వచ్చింది?" అన్నారు మాస్టారు దుప్పట్లోంచి.

"అంతా మీ చేతిలోనే ఉంది" అని చెప్పి ఆవిడ వెళ్లిపోయారు.

బస్సు మంగళగిరి దాటినా పుస్తకంలో పేజీ తిరగలేదట. షహనాజే చేయి చాచి పేజీ తిప్పి, "చదువక్కా. జరిగేది ఎలాగూ జరుగుతుంది" అందట.

కళ్యాణమండపం కిటకిటలాడుతోంది. వీరబాబు గారు తొలిపలుకులు పలికారు. "స్త్రీ చేతిలోని గరిటె మనం అందుకున్న నాడే దేశానికి నిజమైన పండగ!" అన్నారు. గంట మోగింది. మాస్టారు చిరునవ్వుతో తుండుగుడ్డ తొలగించారు.

ముందు వరుసలో కూర్చున్న నేను ఆయన ముఖంలో రంగు మారడం స్పష్టంగా చూశాను. డబ్బా కోసం బుట్ట అడుగుదాకా వెతికారు. ఒక వంకాయ చేతిలోకి తీసుకోగానే తొడిమ ముల్లు బొటనవేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, కొబ్బరికాయ వంక కాసేపు చూశారు. పక్క పొయ్యి దగ్గర ఖాజావలి తల వంచుకుని ఎవరికీ పట్టనట్టు టమాటాలు తరుగుతున్నాడు; వాటితో ముఖ్య అతిథికి కళ్లనీళ్లు రావు గనుక ఈసారి ఎవరూ అభ్యంతరపెట్టలేదు. సభలో గుసగుసలు బయల్దేరాయి.

అప్పుడు ఆయనలోని అధ్యాపకుడు మేలుకున్నాడు. వంకాయను తొడిమ పట్టుకుని పైకెత్తారు.

"సోదరులారా! మనం వంకాయను రోజూ తింటున్నాం. ఒక్కసారైనా చూశామా?"

గుసగుసలు ఆగిపోయాయి. నిజానికి ఎవరూ చూడలేదు. అక్కడి నుంచి ఆయన రక్షక పత్రావళి గురించి, అండాశయం గురించి, గింజల అమరిక గురించి, టమాటాకూ మిరపకూ వంకాయకూ గల చుట్టరికం గురించి ఏకధాటిగా చెప్పుకుపోయారు. మిరప పేరు రాగానే రైతు సభ్యులు ఈలలు వేశారు. గంట మళ్లీ మోగేసరికి వంకాయ ఆయన చేతిలో ఎలా ఉన్నది అలాగే ఉంది.

న్యాయనిర్ణేతలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. వారికి వీరబాబు గారింటి నుంచి పెద్ద క్యారేజీల్లో భోజనం వచ్చేసింది గనుక పోటీలో వంటకాలను రుచి చూసే అవసరం రాలేదు. చివరికి వీరబాబు గారే లేచి తీర్పు చెప్పారు.

"మిగతావాళ్లు పదిహేను నిమిషాల్లో వండారు. గొప్పే. కానీ మాస్టారు? నూనె లేదు, మంట లేదు, గ్యాసు లేదు, గిన్నె కూడా మాయలేదు! ఇంతకంటే తేలికైన వంట ఈ భూప్రపంచంలో ఎక్కడైనా ఉందా అండీ? ఇది సున్నా నిమిషాల గుత్తివంకాయ!"

మొదటి బహుమతి, మిక్సీ, మాస్టారికే ఇచ్చాం. ఖాజావలి పెసరపప్పు టమాటా వండాడు. తినడానికి వీలైన పదార్థాన్ని వేదిక మీదే మొదలుపెట్టి వేదిక మీదే ముగించినవాడు అతనొక్కడే గానీ, అందులో కొత్తదనం లేదు. పైగా కాస్త మాడు వాసన వచ్చింది. ప్రోత్సాహకంగా ప్లాస్టిక్ జల్లెడ ఇచ్చి పంపాం.

మాస్టారు మిక్సీతో ఇంటికి చేరారు. వంటింట్లో అన్నం గిన్నె బోర్లించి ఉంది. పొయ్యి చల్లగా ఉంది. ఆయన మిక్సీ డబ్బా విప్పి కాసేపు చూసి, మళ్లీ మూసి, మెట్ల మీద కూర్చున్నారు. కుక్కరు చంకన పెట్టుకుని ఖాజావలి పైకి వెళ్తూ ఆగాడు.

"మాస్టారూ, భోంచేశారా?"

"బిందు ఇంకా రాలేదయ్యా."

"అది కాదండీ. భోంచేశారా అని."

"... లేదు."

"రండి, పప్పన్నం తిందురు."

మాస్టారు మొదటి ముద్ద పెట్టుకుని, "అడుగంటినట్టుందే" అన్నారు.

"అంటుద్దండీ. షహనాజ్ చదువుకుంటోందని నెలరోజుల్నుంచి నేనే వండుతున్నా. రోజూ అంటుతూనే ఉంది."

"రోజూ నువ్వే వండుతున్నావా! మరి ఎక్కడా చెప్పలేదేం?"

"చెప్పుకునేంత బాగుంటే చెప్పేవాణ్ణేగా!" అని ఖాజావలి ఇంకో గరిటె వడ్డించాడు. మాస్టారు వద్దనలేదు. మాడిన అడుగు కూడా గీకించి వేయించుకున్నారు.

అప్పుడే పరీక్ష రాసి ఆడవాళ్లిద్దరూ వచ్చారు. భర్త పై వాటాలో కూర్చుని మారుమాట లేకుండా అన్నం తింటుండడం చూసి బిందుమాధవి గారు చెప్పులు విప్పడం కూడా మరిచిపోయారు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, "ఏమైందండీ?" అన్నారు.

"ఫస్ట్" అన్నారు మాస్టారు.

"ఏంటి?"

"ఫస్ట్ ప్రైజు. మిక్సీ."

బిందుమాధవి గారు గుమ్మంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి. తరువాత నవ్వు ఆగింది గానీ కళ్లనీళ్లు ఆగలేదు. షహనాజ్ కంగారుపడి పక్కన కూర్చుంది.

"మూడో ప్రశ్న రాస్తుంటే కలం ఆగిపోయిందే. ఈయన స్టేజీ మీద ఏమైపోయారో, నా వల్ల ఎంత అవమానం జరిగిందో అని. ఏడుపు మింగుకుని రాశాను. ఈయనకి అవమానం జరగదే. ఏం చేసినా జరగదు. ఇన్నేళ్లూ అనవసరంగా భయపడ్డాను" అన్నారావిడ. కళ్లు తుడుచుకుని, "అన్నం పెట్టవే, ఆకలేస్తోంది" అన్నారు.

మాస్టారు మెల్లగా అడిగారు. "కావాలనే అలా పెట్టావా?"

"అవునండీ."

"ఒక్కమాట చెప్పి ఉండొచ్చుగా!"

"చెప్పాను. మూతపెట్టాక చదువుకోమన్నారు."

వంకాయ మీద అంతసేపు మాట్లాడిన ఆ మనిషి పళ్లెం ముందు నుంచి లేచి, బిందెలోంచి గ్లాసుతో మంచినీళ్లు ముంచి తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. తిన్నగా పెట్టడం తెలియక సగం ఒలికిపోయాయి.

ఫలితాలు వచ్చాయి. ఇద్దరూ ప్యాసయ్యారు. షహనాజ్‌కు గుంటూరులోనే వేశారు. బిందుమాధవి గారిని పిడుగురాళ్ల బ్రాంచికి వేశారు. ఈ విజయాన్ని మా సమాఖ్య ఊరికే పోనివ్వలేదు. 'పదోన్నతి పొందిన స్త్రీ వెనుక పురుషుడు' అనే పేరుతో మాస్టారికి సన్మానసభ పెట్టాం. ఆయనకు శాలువా, జ్ఞాపిక, పూలదండ. ఆవిడకు జాకెట్టు ముక్క. చివరలో మర్యాదకోసం ఆవిణ్ణి కూడా రెండు మాటలు చెప్పమన్నాం. కార్యక్రమంలో అది లేని అంశం.

"మావారి వంట వల్లే నేను ఆఫీసర్నయ్యాను" అన్నారావిడ. చప్పట్లు. "సోమవారం నుంచి ఆరింటి బస్సుకి పిడుగురాళ్ల వెళ్తున్నాను. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. ఇన్ని ఊళ్లకి వంట నేర్పిన మనిషి ఇంట్లో ఉండగా నాకేం దిగులు? రెండుపూటలా వారే చేస్తారు."

ఈసారి చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, మాస్టారు లేచి ఏదో చెప్పబోయి, వినపడదని గ్రహించి, సభకు నమస్కారం పెట్టి కూర్చున్నారు.

సోమవారం ఆయన వండారు. అన్నం జావైంది. మంగళవారం అన్నం బిరుసుగా వచ్చింది గానీ పప్పు మాడింది. బసవమ్మ గారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏరా, ఉద్యమం అడుగంటిందా?" అని పలకరించింది. ఖాజావలి కిందికి దిగివచ్చి నీళ్ల కొలత, మంట తగ్గించే వేళ చూపించాడు. అతనికీ అంతవరకే తెలుసు. మిగతాది బసవమ్మ గారు మంచం మీద నుంచి తిట్లరూపంలో నేర్పింది. ఇప్పుడు రోకలి చప్పుడు మళ్లీ వినపడుతోంది. కాకపోతే లయ లేదు, మధ్యలో 'అమ్మా' అని మగగొంతు.

పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగ మధ్య క్యారేజీ విప్పుకుని తిన్న మొదటి రోజు గురించి బిందుమాధవి గారు షహనాజ్‌తో ఇలా అన్నారట. "పప్పులో ఉప్పు లేదు. బీరకాయ సగం చెక్కు తీయలేదు. అయినా నాకోసం ఇంకొకళ్లు వండింది తింటుంటే ఎలా ఉంటుందో మర్చిపోయానే. మెతుకు మిగల్చలేదు."

ఇంతవరకు అంతా సవ్యంగానే జరిగింది. చిక్కు సత్తెనపల్లి సభలో వచ్చింది. ప్రసంగం మధ్యలో ఎవరో లేచి, గుత్తివంకాయకు ఎంతసేపు పడుతుందని మామూలుగా అడిగారు. మాస్టారు చేతి మీది కాలిన మచ్చలు చూసుకున్నారు.

"గంటన్నర పడుతుందండీ. గిన్నెలు తోమడంతో కలిపితే రెండు గంటలు. నడుం నొప్పి వేరే" అన్నారు.

సభ దిగ్భ్రాంతి చెందింది. భార్యలను వెంట తెచ్చుకున్నవారు వెంటనే వారిని లేవదీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడే అత్యవసర సమావేశం పెట్టాం. వీరబాబు గారు ఎంతో బాధతో అడిగారు. "మాస్టారూ, మీరు ఇంట్లో నిజంగానే వండుతున్నారని విన్నాం. అబద్ధమని చెప్పండి చాలు."

"నిజమేనండీ."

"రెండుపూటలా?"

"రెండుపూటలా. సాయంత్రాలు ఇంక సభలకు రాలేను. పప్పు పొయ్యి మీద పెట్టుకోవాలి."

"ఎంతపని చేశారండీ! మా ఆవిడ విన్నది. నిన్న నన్ను పట్టుకుని పచ్చడి బండ కాస్త కడిగిపెట్టమంది. నన్ను!" అని వీరబాబు గారు గద్గదస్వరంతో అన్నారు. సభ్యులందరం తల వంచుకున్నాం. మన ఆశయం వంటను తేలిక చేయడమే గానీ వంట చేయడం కాదని ఏకగ్రీవంగా తీర్మానించి, మాస్టారిని గౌరవ సలహాదారు పదవి నుంచి తొలగించాం. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "తొందరగా కానివ్వండి, అవతల కుక్కరు పెట్టొచ్చాను" అన్నారు. మనిషి ఎంత దిగజారాడో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఆ పదవికి ఇప్పుడు నన్ను ఎన్నుకున్నారు. మా ఆవిడకు ఉద్యోగం లేదు, పరీక్షలు లేవు గనుక పూర్వ సన్నాహాలకు ఏ ఆటంకమూ ఉండదని సభ్యులు సంతోషం వెలిబుచ్చారు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరున్నరకు 'పది నిమిషాల్లో బొబ్బట్లు' అనే అంశం మీద నా తొలి ప్రసంగం. తమరందరూ తప్పక విచ్చేయాలి. స్త్రీలకు ఆ వేళ వంటింట్లో తీరదని మాకు తెలుసు గనుక, కుర్చీలు మగవారికి సరిపడా మాత్రమే వేయిస్తున్నాం.